బల్ల ఎత్తు

మేస్త్రి టేపు కొసని గోడకి ఆనించి, ఇంకో కొసని మోకాలి కింద నొక్కిపెట్టి, చెవి మీంచి పెన్సిల్ తీశాడు. గోడలకి వేసిన సున్నం ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎక్కడ ఆనుకున్నా భుజానికి తెల్లగా అంటుకుంటోంది. మందుల షాపు పెట్టబోతున్నాయన వెనకే తిరుగుతూ, ఇంకా లేని సామాన్లని ఉన్నట్టే చేతులతో చూపిస్తున్నాడు.

“ఇక్కడ కౌంటరు. నిలబడ్డ మనిషికి ఛాతీ కిందకి రావాలి. మూడున్నర అడుగులనుకోండి. ఆ పక్కా ఈ పక్కా రాక్‌లు. ఇక ఇక్కణ్ణించి వెనక భాగమంతా చెక్క గోడ కట్టి మూసెయ్యాలి. గోడలో చిన్న కిటికీ ఒకటి. చెయ్యి పడితే చాలు.”

“కిటికీ దేనికండీ?”

“చీటీ లోపలికి వెళ్లాలి, మందు బయటికి రావాలి. లోపల మా చెల్లెలు కూర్చుంటుంది.”

మేస్త్రి తలూపి రాసుకున్నాడు. ఇరవై ఏళ్లకి పైగా ఇదే పని కాబట్టి ఎవరింట్లో ఎవరెక్కడ కూర్చుంటారని అడగడం మానేశాడు. ఆయన అడిగేది ఎత్తు, వెడల్పు, లోతు. ఆ తరవాత, ఎంతలో కావాలని. షాపాయన చెప్పిన మొత్తం తక్కువే. అయినా మేస్త్రి మొహం చిట్లించలేదు. తక్కువ డబ్బు అంటే ఆయనకి ఒకరకమైన హుషారు. చెయ్యి ఆనే చోట టేకు పెడతాడు, కన్ను ఆనే చోట పాలిష్ పెడతాడు, రెండూ ఆనని చోట ప్లైవుడ్‌తో సరిపెడతాడు. అలా చేసిన సామాను వాడుతున్నవాళ్లు ఏళ్లు గడిచినా తక్కువలో చేయించామన్న సంగతే మర్చిపోతారు.

“ఈ గోడ మీద లైసెన్సు తగిలించాలి,” అన్నాడు షాపాయన. “లోపలికి రాగానే కనపడేట్టు. ఫ్రేము మీరే చెయ్యాలి.”

“పేరు మీదేనా?”

“చెల్లెలిది. ఫార్మసీ చదివింది తనే కదా. ఫొటో కూడా ఉంటుంది దాని మీద.”

మేస్త్రి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టబోతుంటే గుమ్మం దగ్గర చక్రాల చప్పుడైంది. షాపాయన పరుగెత్తాడు. కానీ ఆయన చేరేలోపే చెల్లెలు కుర్చీని కాస్త వెనక్కి వంచి, ముందు చక్రాలు గడప దాటించి, రెండు చేతుల్తో ఒక్క తోపు తోసి లోపలికి వచ్చేసింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఒళ్లో అట్టపెట్టె. పలచని మనిషే గానీ భుజాలు మాత్రం బస్తాలు మోసేవాళ్లవిలా గట్టిగా ఉన్నాయి.

“అరలకి మధ్య ఎంత ఖాళీ ఇస్తున్నారండీ?” అని అడిగింది మేస్త్రిని.

“ఒక జానెడు,” అన్నాడు షాపాయన.

“సిరప్ సీసాలు పట్టవు. అడుగు వరసకి ఇంకో నాలుగు వేళ్లు ఇవ్వండి.”

“అవన్నీ నేను చూసుకుంటాలేమ్మా. దుమ్ము ఉంది, నువ్వు లోపలికెళ్లి కూర్చో.”

లోపల అని ఆయన చూపించిన చోట ఇంకా గోడ లేదు. నేల మీద మేస్త్రి గీసిన సుద్దగీత మాత్రం ఉంది. చెల్లెలు ఆ గీతని చూసింది, కుర్చీ తిప్పుకుని గీతకి అవతలికి వెళ్లింది. మేస్త్రి చేతిలో పెన్సిల్ గోడ దగ్గరే ఆగిపోయింది. ఫొటో ముందు గోడకి, మనిషి వెనక గోడకి అవతల. తరవాత గుర్తు పెట్టాడు.

వర్క్‌షాపులో పాలిష్ పని అంతా మేస్త్రి అక్కది. బేరాలూ ఆవిడవే. ఆవిడ మాట నిదానం, చెయ్యి మాత్రం చురుకు. గుడ్డని పాలిష్‌లో ముంచి, పిండి, టేకు మీద సున్నాలు చుట్టినట్టు తిప్పుతుంటే చూసేవాళ్లకి అదేదో సుఖమైన పనిలా కనిపిస్తుంది. చేసి చూస్తే భుజం పట్టేస్తుంది.

తమ్ముడు వచ్చి మాట్లాడకుండా ప్లైవుడ్ పలకలు దించుకోవడం ఆవిడ ఓరకంట చూసింది.

“ఏంరా, కొలత తప్పిందా?”

“లేదక్కా.” షాపులో చూసింది చెప్పాడు. “ఆ అమ్మాయిది లైసెన్సు. ఆ అమ్మాయిది చదువు. మూల గదిలో పెట్టి కిటికీలోంచి చీటీలు ఇస్తాట్ట. నాకు నచ్చలేదు.”

“నీకు నచ్చాల్సిన పని లేదు కదా.”

“చెక్క గోడ నేను కడుతున్నాను కదా.”

ఆవిడ గుడ్డ తిప్పడం ఆపలేదు. “అయితే ఏం చేస్తావు?”

చేసేది దారిలోనే ఆలోచించుకున్నాడు. కౌంటరు సగం ఛాతీ ఎత్తున ఉంటుంది, మిగతా సగం రెండున్నర అడుగులు. చక్రాల కుర్చీ చేతులు బల్ల కిందకి దూరేంత. అడ్డు చెక్కలు లేకుండా కింద ఖాళీగా వదిలితే మోకాళ్లు పడతాయి. అప్పుడా అమ్మాయి ముందుకే వచ్చి కూర్చోవచ్చు. చెక్క తగ్గుతుంది కాబట్టి ఖర్చూ పెరగదు. షాపాయనకి ఫోన్ చేసి, కాస్త చెక్క మిగులుతుందని మాత్రం చెప్పాడు. ఆయన ఇంకేదో పనిలో ఉండి, మిగిలితే మంచిదే, గోడ మాత్రం గట్టిగా కట్టండి అన్నాడు.

ఆ రెండు రోజులూ మేస్త్రి ఆ పొట్టి బల్ల మీద పెట్టిన శ్రద్ధ అంతా ఇంతా కాదు. అంచుకి టేకు పట్టీ వేసి, మోచేతులు ఆనే చోట పదును లేకుండా గుండ్రంగా చిత్రిక పట్టాడు. గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని మునివేళ్లతో తడిమి, ఎక్కడో నలక తగిలితే మళ్లీ రుద్దాడు. అక్క దానికి రెండు పూతలు ఎక్కువ పాలిష్ ఎక్కించింది. మేస్త్రికి లోలోపల సంతోషంగా ఉంది. ఆ సంతోషం తెలియకూడదని రెండు మూడుసార్లు అనవసరంగా దగ్గాడు.

“ఆ అమ్మాయిని అడిగావా?” అంది అక్క.

“అడిగేదేముంది? చూస్తే తెలుస్తోంది కదా.”

ఆవిడ గుడ్డ మళ్లీ ముంచుకుంది.

మర్నాడు బల్లలు రెండూ షాపుకి చేరాయి. మేస్త్రి రసమట్టం పెట్టి, కాళ్ల కింద సన్న చెక్కముక్కలు దోపి, ఊగకుండా నిలబెట్టాడు. పొట్టి బల్లని చూడగానే షాపాయన ముఖం మారింది.

“ఇదేంటి, మూడున్నర అన్నాను కదా?”

“ఇది చెల్లెలుగారికండీ. ఒకసారి కూర్చుని చూడమనండి.”

చెల్లెలు వచ్చింది. కుర్చీ చేతులు బల్ల కిందకి గాలి దూరినట్టు దూరిపోయాయి. మోచేతులు ఆనించింది. గుండ్రటి అంచు మీద అరచెయ్యి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిపించింది. మేస్త్రి ఆ చేతినే చూస్తున్నాడు.

“చాలా బాగా చేశారు,” అంది. అంచు మీంచి చెయ్యి తీసి, “మీరు అవతలికి వెళ్లి నిలబడండి. మందుకి వచ్చారనుకోండి,” అంది.

మేస్త్రి నవ్వుతూ అవతలికి వెళ్లాడు. “అమ్మా, తలనొప్పికి బిళ్ల ఇవ్వండి.”

“ఎప్పట్నించి?”

“పొద్దుట్నించమ్మా.”

“అలాగే ఉండండి,” అంది చెల్లెలు. “కదలకండి. ఎలా నిలబడ్డారో చూసుకోండి.”

మేస్త్రి చూసుకున్నాడు. నడుం దగ్గర వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తల కిందకి దించి ఉన్నాడు. గొంతు కూడా మారిందని అప్పుడే తెలిసింది. చిన్నపిల్లలతో మాట్లాడే గొంతు అది.

“అందరూ ఇలాగే వంగుతారు నాతో,” అంది. కోపంగా అనలేదు, సీసా మీద రాసింది చదివినట్టు అంది. “వంగినవాళ్లు నేను చెప్పేది వినరు. జాలిపడతారు. మందు ఎలా వాడాలో చెబుతుంటే తలూపి, బయటికెళ్లి మా అన్నయ్యని మళ్లీ అడుగుతారు. నా కోసం బల్లని కిందకి దింపద్దండీ. కుదిరితే నన్నే పైకి ఎక్కించండి.”

మేస్త్రి నిటారుగా నిలబడ్డాడు. చెవులు వేడెక్కాయి. గోడ కట్టమన్నాయన ఈమెని అడగలేదు సరే, గోడ నచ్చని తను మాత్రం అడిగాడా?

“పైకి ఎక్కించడమంటే?” అన్నాడు షాపాయన.

“కింద అరుగు కడితే, దాని మీదకి వాలుగా దారి పెడితే.”

“దానికెక్కణ్ణించి తెస్తాం? అంతా ముందే లెక్క చూసుకున్నాం. పైగా అందరూ చూస్తారమ్మా.”

“చూడాలనే కదా అన్నయ్యా, షాపు పెట్టేది.”

ఆయన ఫోన్ చూసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి గుమ్మంలోంచే, “రేపు చెబుతాను మేస్త్రీ, పని ఆపండి,” అన్నాడు.

పని ఆపమన్న మాట వర్క్‌షాపులో ఎవరికీ మంచి మాట కాదు. ఇంత ప్లైవుడ్ తెచ్చి పెట్టుకున్నాక అసలు కాదు. మేస్త్రి ముక్కాలిపీట మీద కూర్చుని, కోయని గోడ పలకల్నే చూస్తున్నాడు. అక్క జరిగిందంతా విన్నది. ఆ అమ్మాయి మేస్త్రిని వంగబెట్టి చూపించిందనగానే పెద్దగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

“నవ్వుతావేంటక్కా. పొట్టి బల్ల వేస్టు. కాళ్లు కోసేశాను. కోసిన కాళ్లు పెరుగుతాయా?”

“ఎంత పొట్టి?”

“ఒక అడుగు.”

“అరుగు ఎంత ఎత్తు వెయ్యాలి?”

“ఆ అమ్మాయి కళ్లు నిలబడ్డవాళ్ల కళ్లకి రావాలంటే…” మేస్త్రి ఆగాడు. గాల్లోనే చేత్తో కొలిచాడు. “అడుగే.”

“మరి వేస్టంటావేంరా? ఆ బల్లని అరుగు మీద పెట్టు. ఇవతల ఆ అమ్మాయికి రెండున్నర. అవతల వచ్చేవాళ్లకి మూడున్నర. బల్లలో తప్పు లేదు, నువ్వు పెట్టిన నేలలో ఉంది తప్పు.”

మేస్త్రి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అని సిగ్గు కలగాల్సింది, ఎందుకో కలగలేదు. అక్క మీద ఎప్పుడూ ఉండే గౌరవమే ఇంకాస్త పెరిగింది, అంతే.

“అరుగుకి చెక్క?” అన్నాడు.

ఆవిడ గడ్డంతో గోడ పలకల వైపు చూపించింది.

మర్నాడు అక్క కూడా షాపుకి వచ్చింది. మామూలుగా ఆవిడ వర్క్‌షాపు దాటదు. ఉతికిన చీర కట్టుకుంది గానీ గోళ్లలో పాలిష్ రంగు అలాగే ఉంది. షాపాయన కుర్చీ వేశాడు. చెల్లెలు గీత అవతల అట్టపెట్టెలు సర్దుతోంది.

“మీరిస్తానన్న దాని మీద ఒక్క పైసా ఎక్కువ అడగం,” అంది అక్క. “గోడకి తెచ్చిన పలకలే అరుగవుతాయి. గోడ ఫ్రేముకి తెచ్చిన కర్రలే కింద దూలాలు. పని మాకు రెండు రోజులు పెరుగుతుంది. అది మావాడు అడగకుండా కాళ్లు కోసినందుకు.”

“డబ్బు గురించి కాదమ్మా,” అన్నాడు షాపాయన. గొంతు తగ్గించాడు. “మీకు తెలీదు. కాలేజీకి నేనే ఎత్తుకెళ్లేవాణ్ణి. మేడ మీద క్లాసు. ఒకరోజు బస్టాపులో కూర్చోబెట్టి టికెట్ చిల్లర కోసం పక్క కొట్టుకెళ్లాను. వచ్చేసరికి ఎవడో దీని ఒళ్లో నాణెం వేసి పోతున్నాడు. ఒళ్లో పుస్తకాలున్నాయి. పుస్తకాల మీద వేశాడు. ఆరోజే అనుకున్నాను. ఇక ఎవడి కంటా పడనివ్వనని.”

ఆ మాట ఆయనలో ఎంత లోతు నుంచి వచ్చిందో అక్కకి తెలిసింది. మేస్త్రికి కూడా తెలిసింది. నిన్నటిదాకా ఈయన చెల్లెల్ని దాచిపెడుతున్నాడనుకున్నాడు. నిజంగా దాచిపెడుతున్నాడే గానీ, దాచేది ఏ చేతుల్తోనో ఇప్పుడు కనిపించింది. మేడ మెట్లు ఎక్కించిన చేతులవి.

“ఆ బల్ల మీద చిల్లర పెట్టేవాడు మందు తీసుకుని పోతాడు బాబూ,” అంది అక్క మెల్లిగా. “ఊరికే పెట్టి పోడు.”

గీత అవతల అట్టపెట్టె మూత మూసిన చప్పుడైంది.

“ఆ నాణెం ఏం చేశానో తెలుసా అన్నయ్యా?” అంది చెల్లెలు.

ఆయన తల తిప్పలేదు.

“పిప్పరమెంట్లు కొనుక్కున్నాను. నీకూ రెండు పెట్టాను, క్లాసుకి ఎత్తుకెళ్తుంటే. అక్కడితో నాకైపోయింది. నువ్వే ఇన్నాళ్లూ దాచుకున్నావు.”

షాపాయన ముఖం మీద నవ్వో ఏడుపో తెలియని ఒక కదలిక వచ్చి పోయింది. చాలాసేపు నేల మీద గీతనే చూశాడు. చివరికి, “సరే, అరుగు కట్టండి,” అన్నాడు. “కానీ గోడ కూడా ఉండనివ్వండి. అలిసిపోతే వెనక్కెళ్లి కూర్చుంటుంది. ఇంకో వరస పలకలకి డబ్బు ఎలాగో సర్దుతాను.”

మేస్త్రి లోపలి చోటు కొలిచాడు. గోడ ఉంటే వాలుకి మిగిలేది ఆరడుగులు. ఆరడుగుల పలక తెచ్చి, ఒక కొస పెట్టె మీద అడుగు ఎత్తున ఆనించి, రెండో కొస గీతకి సరిగ్గా నేల మీద పెట్టాడు. “ఒకసారి ఎక్కి చూడాలండీ,” అన్నాడు.

చెల్లెలు కుర్చీ పక్కన స్టూలు లాక్కుని, చేతుల మీద బరువు మోపి, దాని మీదకి తనే మారింది. ఖాళీ అయిన కుర్చీని అన్నయ్య వైపు తోసింది.

“నువ్వెక్కు.”

ఇన్నేళ్లలో ఆయన ఆ కుర్చీని లక్షసార్లు తోసుంటాడు, మడిచుంటాడు, బస్సుల్లోకి ఎక్కించుంటాడు. అందులో కూర్చోవడం ఇదే మొదలు. కూర్చోగానే ఆయన ఎటు చూడాలో తెలియనట్టు ఇటూ అటూ చూశాడు. మేస్త్రీ, అక్కా ఇద్దరూ ఒక్కసారిగా పొడుగైపోయారు. చక్రాలు పట్టుకుని తోశాడు. మూడొంతుల్లో ఒక వంతు ఎక్కాడు. ఇంకో తోపు తోయబోయేసరికి కుర్చీ వెనక్కి జారింది. మేస్త్రి రెండు చేతుల్తో పట్టి ఆపాడు.

ఆయన ఆ కుర్చీలోనే ఉండి అరచేతులు తిప్పి చూసుకున్నాడు, ఎర్రబడ్డాయి.

“గోడ లేకపోతే ఎంత పొడుగొస్తుంది?” అని అడిగాడు.

“పన్నెండడుగులు. ఈ పక్క గోడ వెంట పైకెళ్లి, వెనక మలుపు తిరిగి, ముందుకొచ్చెయ్యచ్చు.”

“అయితే గోడ వద్దులెండి.”

పని మళ్లీ మొదలైంది. మేస్త్రి గోడ కర్రల్ని దూలాలుగా కోసి, జానెడుకొకటి పరిచి, మూలమట్టం పెట్టి బిగించాడు. పైన పలకలు పరిచాక ఖాళీ కుర్చీని నడిపి చూస్తే డప్పు మీద చెయ్యి వేసినట్టు మోత వచ్చింది. ఆమె కదిలిన ప్రతిసారీ ఈ మోత షాపంతా వింటుందని ఆయనకి నచ్చలేదు. పలకలన్నీ మళ్లీ విప్పాడు. దూలాల మధ్య అడ్డ కర్రలు వేసి, మిగిలిన తుక్కు చెక్కా రంపంపొట్టూ బిగువుగా కూరి, మళ్లీ మూశాడు. ఈసారి చక్రం కింద మెత్తటి చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాలు మీద చక్రాలు జారకుండా అడ్డంగా సన్న పట్టీలు కొట్టాలా, గాట్లు పెట్టాలా అన్న దగ్గర ఆగాడు. ఈసారి అడిగాడు. “పట్టీలైతే ఎక్కేటప్పుడు కుదుపు,” అంది చెల్లెలు. “గాట్లు పెట్టండి, లోతు వద్దు.” బయటి అంచుకి చక్రం పక్కకి పోకుండా రెండు వేళ్ల ఎత్తున టేకు కట్ట వేశాడు. చెయ్యి ఆనే చోట కాదది, చక్రం ఆనే చోటు. అయినా టేకే వేశాడు. అక్క వచ్చి దానికి పాలిష్ పెట్టింది. తొక్కే చోట పాలిష్ ఎందుకని ఎవరూ అడగలేదు.

షాపు తెరిచిన పొద్దున మేస్త్రి కింది అరకి తలుపు బిగించడానికని వచ్చాడు. ఆ తలుపు నిన్ననే బిగించెయ్యచ్చు. చెల్లెలు గుమ్మం దాటి, గోడ వెంట వాలెక్కి, వెనక మలుపు తిరిగి, బల్ల ముందుకి వచ్చి ఆగింది. ఊపిరి మామూలుగానే ఉంది. కుర్చీ చేతులు బల్ల కిందకి దూరాయి. అవతలి నుంచి చూస్తే కౌంటరు వెనక ఒక మనిషి. అంతే కనిపిస్తోంది.

మొదట వచ్చినాయన చేతిలో గొడుగు, నోట్లో విసుగు. చీటీ బల్ల మీద పెట్టాడు. షాపాయన ఇవతల, జనం నిలబడే వైపు, తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఎక్కడ నిలబడాలో ఆయనకింకా తేలలేదు.

చెల్లెలు చీటీ వెలుతురుకి పెట్టి చదువుతోంది. మళ్లీ చదివింది.

“తొందరగా కానివ్వండమ్మా,” అన్నాడు గొడుగాయన. “ఒక్క చీటీకి ఇంతసేపైతే సాయంత్రం దాకా ఇక్కడే ఉండాలి. కొత్త షాపని వచ్చాను, బుద్ధిలేక.”

షాపాయన ఒక అడుగు ముందుకేశాడు. మేస్త్రి స్క్రూ తిప్పడం ఆపాడు.

“మీకు చక్కెర వ్యాధి ఉందా?” అని అడిగింది చెల్లెలు.

“ఉంటే?”

“ఉంటే ఈ సిరప్ వద్దు. ఇందులో తీపి ఎక్కువ. ఇదే మందు బిళ్లల్లో ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేసి మార్చమంటాను. అప్పటిదాకా మీరు తిట్టుకుంటూ ఉండండి, నాకేం ఇబ్బంది లేదు.”

గొడుగాయన ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. ఆమె కూడా అంతే సూటిగా చూసింది. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తున ఉన్నాయి.

“మాట మాత్రం తక్కువ లేదు,” అని గొణిగాడాయన. గొడుగు బల్లకి ఆనించి, మోచెయ్యి టేకు అంచు మీద పెట్టుకున్నాడు. ఆమె ఫోన్‌లో మాట్లాడుతున్నంతసేపూ నిలబడే ఉన్నాడు. బిళ్లలు తీసుకున్నాక పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అని రెండుసార్లు చెప్పించుకున్నాడు. గడప దాటుతూ తలుపు దగ్గరున్న షాపాయనకేసి చూశాడు గానీ ఏమీ అడగలేదు. అడగాల్సిందంతా లోపలే అడిగేశాడు.

షాపాయన గుమ్మంలోనే నిలబడి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. తరవాత లోపలికి వచ్చి, బల్లకి ఇవతల, కొనేవాళ్లు నిలబడే చోట ఆగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద పెట్టాడు.

“నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు.

చెల్లెలు అప్పటికే, పక్కన వచ్చి నిలబడ్డ ఒకావిడ దగ్గర రెండో చీటీ అందుకుంటోంది. తలెత్తకుండానే మూలకేసి చూపించింది.

“ఆ పెట్టెలు విప్పు అన్నయ్యా. సిరప్‌లు కింది వరసలో పెట్టు.”

ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, మొదటి పెట్టె విప్పడం మొదలుపెట్టాడు.